తలుపు నేను వేసుకుంటాను

ముందే చెప్పుకుంటాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు నాకు ఇంకా సరిగా లొంగలేదు. ఒక మాట రాసి, దాన్ని పైకి చదివి చూసుకుని, ఆ తరవాతే రెండో మాటకు పోతాను. ఈ కాస్త రాయడానికి రంజాన్ నుంచి బక్రీదు దాకా పట్టింది. అచ్చు వేసేవాళ్ళు ఒత్తులు, దీర్ఘాలు దిద్దుకోవచ్చు. మాటలు మాత్రం మార్చవద్దని కోరుతున్నాను.

నేను ఇరవై ఏండ్లకు పైగా నాటకాలు ఆడాను. నాలుగు సినిమాల్లో కనబడ్డాను. ఇంట్లో నన్ను కమర్ అనేవారు, నాటకాల పాంప్లెట్ల మీద నా పేరు ‘కుమారి కమల’ అని వేసేవారు. నలభై ఒకటో ఏట కూడా నేను కుమారినే. నా భర్త జిలాన్ సాహెబు స్టేజీ పక్కనే కూర్చుని హార్మోనియం వాయిస్తున్నా కుమారినే. “పెండ్లయిందని తెలిస్తే జనం రారప్పా” అని నాటకం వేయించేవాళ్ళు అంటే ఆయన నవ్వి, “అట్లయితే నాకూ ఒక సంబంధం సూడండి, నేనూ బ్రమ్మచారినే కదా” అనేవాడు.

ఆ రోజుల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క గుమాస్తాలు, అంగళ్ళవాళ్ళు, బడి అయ్యవార్లు కలిసి నాటకాలు వేసేవారు. మగ వేషాలకు వాళ్ళే ఉండేవారు. ఆడ వేషానికి నన్ను పిలిపించేవారు. నాటకానికి రెండు మూడు వారాల ముందు నోటుబుక్కులో రాసిన నాటకం పంపేవారు. ఆ నోటుబుక్కులో నాకు ఒక్క అక్షరం కూడా తెలిసేది కాదు. ఈ సంగతి జిలాన్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన నాటకమంతా, అందరి మాటలూ, మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించేవాడు. స్టేజీ మీద నా నాలుక తడబడకూడదని ఇంట్లో కూడా తెలుగే మాట్లాడాలని పట్టు పట్టేవాడు. ఆయన ఎక్కడ సాగదీస్తే నేనూ అక్కడ సాగదీసేదాన్ని. ఎక్కడ గొంతు దించితే అక్కడ దించేదాన్ని. “ఏం చెప్పిందిరా మాట!” అని జనం అంటుంటే ఆయన తల వంచుకుని హార్మోనియం మెట్లు తుడుచుకునేవాడు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, శివరాత్రి అయిన వారానికి, రామసముద్రంలో నాటకం మధ్యలో హార్మోనియం ఆగిపోయింది. నేను పద్యం ఎత్తుకుని ఉన్నాను. శ్రుతి లేకుండానే పూర్తి చేసి పక్కకు చూశాను. జిలాన్ తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. తెల్లని గుడ్డ. ఆ తరవాత తెల్లగా లేదు.

రెండేండ్లుగా దగ్గుతున్నాడు. హార్మోనియం తిత్తిలో దుమ్ము అని చెప్పేవాడు. మదనపల్లె బయట ఉన్న శానిటోరియంలో చేర్చుకున్నారు. ఆలస్యమైందని డాక్టరుగారు నాతో మెల్లగా చెప్పారు. చూడడానికి సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే పోవాలి. ఆయన మంచం వరండాలో. నాకు మంచానికి అవతల ఒక బెంచీ.

పుంగనూరు దొరస్వామి తాలూకాఫీసులో పని చేసేవాడు. ఆయనే నాటకాల సంఘం పెద్ద, ఆయనే కథానాయకుడు. మార్చి నెలలో మదనపల్లెలో మా గదికి వచ్చి కొత్త నోటుబుక్కు ఒకటి నా చేతిలో పెట్టాడు.

“కమలమ్మా, ఏప్రిల్ ఆఖర్లో కుప్పంలో పోటీలు ఉండాయి. మెడ్రాసు నుంచి సినిమావాళ్ళు జడ్జీలుగా వస్తాండారు. ఈ వేషం నీకు తప్ప ఇంకొకరికి కుదరదు. ఏమంటావు?”

“జిలాన్ సాహెబు ఆస్పత్రిలో ఉండాడు కదప్పా.”

“హార్మోనియానికి వేరే మనిషిని మాట్లాడినాను. నీకేం, ఇంట్లో ఒక్కదానివే ఉండావు, సదువుకునేదానికి కావల్సినంత పొద్దు. ఒకవేళ కుదరదంటే ఇప్పుడే చెప్పు, కోలారు నుంచి ఇంకొకామెను పిలిపిస్తాను.”

ఒక వేషం వదులుకుంటే ఆ వేషం ఒక్కటే పోదు. ఆ ఊరు పోతుంది. ఇంకొకామె వస్తుంది, ఆమే ఉండిపోతుంది. “చేస్తానప్పా” అన్నాను.

మరునాడు ఆ నోటుబుక్కు కొంగు కింద పెట్టుకుని శానిటోరియానికి పోయాను. జిలాన్ చూసి వెంటనే కనిపెట్టాడు.

“ఏం తెచ్చినావు, కమర్? బిర్యానీనా, నాటకమా?”

“నాటకం.”

“ఇట్ల ఇయ్యి. బిర్యానీ ఈడ తిననియ్యరు, నాటకానికి అడ్డం చెప్పలేదు.”

అడ్డం చెప్పారు. అక్కడి నర్సు సావిత్రమ్మ పొట్టి మనిషి, గొంతు పెద్దది. జిలాన్ రెండో పుటలో ఉండగానే వచ్చింది.

“సాయిబూ! మాట్లాడొద్దని డాక్టరు చెప్పలే? నీకు మందు ఎంతో, ఊరకుండేది అంత. ఏమ్మా, నువ్వన్నా చెప్పరాదా?”

“రెండే పుటలమ్మా.”

“పుస్తకం నీదే కదా. ఇంటికి తీసకపోయి నువ్వే సదువుకో. ఆయన ఊపిరి యాల తీస్తావు?”

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆమె ఆడది, బయట ఎవరితోనూ చెప్పే మనిషి కూడా కాదు. “నాకు చదువు రాదు” అని అంటే అయిపోయేది. నా నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

“నాకు కండ్లు సరిగా కానరావమ్మా.”

మరునాడు సావిత్రమ్మ ఒక అద్దాల జత తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరో పేషెంటు వదిలేసి పోయినవి, ఒక పక్క దారంతో కట్టి ఉంది. “పెట్టుకుని సూడు, కనబడతాండాదా?” అని నిలబడింది. నేను పెట్టుకుని నోటుబుక్కు తెరిచాను. అక్షరాలు పెద్దవయ్యాయి. అంతే.

“బాగా కనబడతాండాయమ్మా” అన్నాను.

జిలాన్ గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. దగ్గేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. నాకూ నవ్వు వచ్చింది. మేమిద్దరం కలిసి నవ్వింది అదే చివరిసారి.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాము. నేను అద్దాలు పెట్టుకుని నోటుబుక్కు తెరిచి ఒళ్ళో ఉంచుకుంటాను. సావిత్రమ్మ అటు పోగానే బుక్కు ఆయన చేతికి పోతుంది. ఆయన గుసగుసగా చదువుతాడు. ఆమె చెప్పుల చప్పుడు వినగానే మళ్ళీ నా ఒళ్ళోకి వస్తుంది. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది, స్వరాలు గుర్తు పెట్టుకునే అలవాటు. చదువుతూ చదువుతూ ఏదో ఒకటి గీసుకునేవాడు. బుక్కు ఇంటికి తీసుకుపోయి ఏం చేయాలి? ఆయన తలగడ కిందే ఉంచి వచ్చేదాన్ని.

రోజుకు రెండు పుటలు అయ్యేవి. తరవాత ఒకటే. ఏప్రిల్‌లో ఎండలు ముదిరేసరికి అరపుట.

నాటకం ఒక భార్యాభర్తల కథ. ఆయన ఇంకొక ఇల్లు పెట్టుకుంటాడు. చివర పెట్టె చేత పట్టుకుని వాకిట్లో నిలబడి, “నాతో ఏమైనా చెప్పాలా?” అని అడుగుతాడు. దానికి ఆమె ఇంతే అంటుంది: “మీరు వెళ్ళండి. తలుపు నేను వేసుకుంటాను.” తెర పడుతుంది.

ఆ చివరి పుట చదివిన రోజు జిలాన్‌కు బాగాలేదు. “మీరు వెళ్ళండి” అన్నాడు. దగ్గు వచ్చింది. పైకి వస్తే సావిత్రమ్మ వింటుందని నోరు గట్టిగా మూసుకుని లోపలే దగ్గాడు. కండ్లలో నీళ్ళు తిరిగాయి. నేను ఆ ముఖమే చూస్తూ ఉన్నాను. అంతా అణిగాక, ఊపిరి కూడా లేని గొంతుతో, “తలుపు నేను వేసుకుంటాను” అన్నాడు. మళ్ళీ చదివాడు. మళ్ళీ అక్కడే ఆగింది. నాలుగు రోజులు ఆ పుటే చదివాడు, నాలుగు రోజులూ అక్కడే.

పుంగనూరులో రిహార్సలు ఒక బియ్యం మిల్లు గోడౌనులో పెట్టుకున్నారు. దొరస్వామి ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడి తన మాట చెప్పాడు. నేను “మీరు వెళ్ళండి” అన్నాను. ఆగాను. “తలుపు నేను వేసుకుంటాను” అన్నాను.

దొరస్వామి పెట్టె కింద పెట్టాడు.

“కమలమ్మా, నడమ యాల నిలిపినావు? మర్సిపోయినావేమో అని నా గుండె జారింది.”

నాకు అప్పుడు తెలిసింది. నేను ఆయన మాటతో పాటు ఆయన దగ్గు కూడా నేర్చుకున్నాను.

“నాకు అట్లే వచ్చిందప్పా.”

“ఇంకోసారి చెప్పు.” చెప్పాను. మూటల మీద కూర్చున్నవాళ్ళు బీడీలు కాల్చడం మానేశారు. దొరస్వామి మెడ రుద్దుకున్నాడు. “అట్లే ఉండనీ. ఎవురు నేర్పించినారు నీకు? మేము ముప్పై ఏండ్లు ఆడినా ఇట్లా ఒక్క నిలుపు రాలేదు కదమ్మా.”

ఆఖరి రంగం ముందు కావాలని మేము దాటేసిన నడిమి రంగం ఒకటి ఇంకా మిగిలి ఉంది. అది నేను నేర్చుకోలేదు. ఆ సాయంత్రం పుంగనూరు బస్టాండులో దొరస్వామి నాకు తోడు నిలబడ్డాడు. బస్సు రావడానికి ఇంకా పొద్దుంది. సావిత్రమ్మ ముందురోజే నన్ను పక్కకు పిలిచి చెప్పింది: “మీరిద్దరూ నా కండ్లు గప్పుతాండామనుకుంటాండారు. సరే, నాకు కనబడలే అనుకుందాం. ఆయనకు ఇంక ఉండేది కొంచెం గాలి. దాన్ని ఏం చేసుకుంటారో మీరే సూసుకోండి.”

ఈ మనిషిని అడిగితే చాలు. ‘దొరస్వామప్పా, ఆ రంగం నువ్వొకసారి నాకు చదివి చెప్పు.’ పది మాటలు కూడా లేవు. నోటి దాకా వచ్చాయి.

“దొరస్వామప్పా...”

“ఏమ్మా?”

“ఆ బస్సు మదనపల్లెదేనా?”

“బోర్డు సూడు, కనబడలేదా?”

“ఆ, అదే” అని ఎక్కేశాను. అది పెద్దపంజాణి బస్సు. ఊరి బయటికి వచ్చాక కండక్టరు చెబితే దిగి నడిచి వచ్చాను. ఆ నడకలో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అయినా మరునాడు నాలుగు గంటలకు బెంచీ మీద కూర్చుని, ఆ మిగిలిన రంగం జిలాన్ చేతనే చదివించుకున్నాను. మూడు రోజులు పట్టింది.

కుప్పంలో నాటకం బాగా పోయింది. నేను “మీరు వెళ్ళండి” అని ఆగినప్పుడు హాలంతా గాలి కూడా ఆడనట్టు అయింది. బయట రైలు కూత ఒకటి వచ్చి పోయింది. అది పోయేదాకా ఆగాను. తెర పడ్డాక చప్పట్లు వచ్చాయి. జడ్జీల్లో ఒక సినిమా డైరెక్టరు తెర వెనక్కి వచ్చి, ఈ రంగాన్ని తన సినిమాలో పెట్టుకుంటున్నానని, హీరో అక్క వేషం నాదేనని, జూన్‌లో హార్సిలీ కొండ మీద షూటింగని చెప్పారు.

మరునాడు నాలుగు గంటలకు ముందే శానిటోరియం గేటు దగ్గర నిలబడ్డాను. జిలాన్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన గొంతులో అప్పటికి గుసగుస కూడా సరిగా రావడంలేదు.

“సప్పట్లు కొట్టినారా?”

“కొట్టినారు.”

“యాడ?”

“ఆఖర్లో. మీరు వెళ్ళండి అని నిలుపుతాను కదా, ఆడ. సినిమా ఆయన కూడా ఆడనే మెచ్చుకున్నాడు.”

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. తరవాత తలగడ కింద నుంచి నోటుబుక్కు తీసి, చెవి మీద పెన్సిలు తీసుకుని, చివరి పుట తిప్పి ఏదో గీశాడు.

“ఏం రాస్తాండారు?”

“ఏంలే. నా తప్పు ఒకటి ఉండె. కొట్టేస్తాండా.”

అయిదు గంటల గంట కొట్టారు. లేచాను. అప్పుడు ఆయన, ఇరవై ఏండ్లుగా ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనివ్వని మనిషి, మా ఇండ్లలో మాట్లాడుకునే ఉర్దూ మాటలో అడిగాడు:

“ఖానా ఖాయీ?”

తిన్నానని అబద్ధం చెప్పాను. పద్దెనిమిది రోజుల తరవాత, తెల్లవారి, ఆస్పత్రి నుంచి మనిషి వచ్చాడు. ఒక అన్నం తట్ట, ఒక లోటా, శాలువ, నోటుబుక్కు మూట కట్టి ఇచ్చారు. సావిత్రమ్మ గేటు దాకా వచ్చింది.

మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. జిలాన్ అక్క మెహరున్నీసా పుంగనూరు నుంచి వచ్చి నాకు తోడుగా ఉంది. ఆమె నమాజు చేసుకుంటుంటే నేను గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. నాటకమంతా మొదటి నుంచి చివరిదాకా చెవుల్లో నడిచేది, అందరి మాటలూ జిలాన్ గొంతుతోనే. నలభై మూడో రోజు సినిమా కంపెనీ కారు వీధిలో నిలిచింది.

“పోతాండావా?” అంది మెహరున్నీసా.

“పోతాండా వదినా.”

“వాడు పోయి రెండు నెలలు కాలేదే. ఏం మొగం పెట్టుకుని పోతావు?”

“వాళ్ళే ఏదో ఒక మొగం ఏస్తారు వదినా.”

ఆమె మూట సర్దుకుని ఆ మధ్యాహ్నమే పుంగనూరికి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గదికి రాలేదు.

కొండ మీద ఒక బంగళా వాకిట్లో లైట్లు పెట్టారు. మేకప్ ఆయన నా నుదుట బొట్టు పెట్టాడు, మెడలో తాళిబొట్టు వేశాడు. అసిస్టెంటు నారాయణస్వామి కాగితాలు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాగితం చేతికి ఇస్తాడనుకున్నాను. ఆయన ఇవ్వలేదు. తానే పైకి చదవడం మొదలుపెట్టాడు.

“మీరు చదివి చెప్తారా?” అన్నాను.

“అందరికీ మేమే చదివి చెప్తామమ్మా. హీరోగారికీ అంతే. కాగితం చూసి చదువుకునే తీరిక ఎవరికుంటుంది?”

అవతల కుర్చీలో హీరోగారు కండ్లు మూసుకుని, ఇంకొక అసిస్టెంటు చదువుతుంటే వింటూ ఉన్నారు. ఆయనకు సిగ్గేమీ లేదు. అంత పెద్ద మనిషికి లేని సిగ్గు నాకు ఎందుకు ఉండిందో అక్కడ కూర్చుని ఆలోచించాను.

షాటు మొదలైంది. “మీరు వెళ్ళండి” అన్నాను. ఆగాను.

“కట్. అమ్మా, మధ్యలో ఆపకండి. కుప్పంలో అది బాగుంది, కాదనను. ఇక్కడ అతను మెట్టు దిగేలోపు మాట అయిపోవాలి. లేకపోతే మీరు చెప్పేటప్పటికి కెమెరాలో మనిషి ఉండడు.”

రెండోసారి కూడా ఆగాను. నేను ఆపలేదు. అదే ఆగింది.

“ఒక్క ఊపిరిలో చెప్పండమ్మా. ఏముంది, రెండే మాటలు కదా.”

మూడోసారి లైట్లు వేశారు. నా భర్త వేషం వేసినాయన పెట్టె ఎత్తుకున్నాడు.

“మీరు వెళ్ళండి తలుపు నేను వేసుకుంటాను.”

“ఓకే” అన్నారు. అందరూ తరవాతి షాటుకు లైట్లు అటు మోసుకుపోయారు. కొండ మీద గాలి బాగా తోలుతోంది. నేను తాళిబొట్టు తీసి మేకప్ ఆయన చేతిలో పెట్టేశాను.

ఆ సినిమా పుంగనూరు టూరింగ్ టాకీసులో చూశాను, ఆడవాళ్ళ పక్క, ఒక్కదాన్నే. ఆ మాట వచ్చి పోయింది. పక్కన ఒకామె పిల్లకు మురుకు విరిచి పెడుతూ అప్పటికే కిందికి చూస్తోంది. ఆ తరవాత ఇంకో మూడు సినిమాల్లో తల్లిగా, పనిమనిషిగా వేశాను. నాటకాలకు కూడా పిలిచారు. చదివించుకునేదానికి సిగ్గు పోయింది, దొరస్వామినే అడిగేదాన్ని. ఆయన ఒకసారి కూడా ఎగతాళి చేయలేదు. “ముందే అడగరాదా కమలమ్మా” అన్నాడు, అంతే. ఎనభై నాలుగులో నాటకాలు ఆగిపోయాయి.

యాభై ఏండ్లు వచ్చాక వయోజన విద్య బడిలో చేరాను. పంతులమ్మ మునిరత్నమ్మ నాకు కూతురుంటే ఆ వయసు ఉండే పిల్ల. సావిత్రమ్మ ఇచ్చిన అద్దాలు అప్పుడు నిజంగా పనికి వచ్చాయి. ఇప్పుడూ అవే పెట్టుకుని రాస్తున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక పెట్టె అడుగు నుంచి నోటుబుక్కు తీశాను. మొదటి పుట నుంచే మొదలుపెట్టాను. ప్రతి మాటా నాకు నోటికి వచ్చిందే, అయినా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాను. చివరి పుటకు రావడానికి పదకొండు రోజులు పట్టింది.

అక్కడ సిరాతో ఉంది: మీరు వెళ్ళండి. తలుపు నేను వేసుకుంటాను.

పక్కన జిలాన్ పెన్సిలు రాత ఉంది. చాలా చిన్న అక్షరాలు. ‘ఈడ నిలపకూడదు. అది నా దగ్గు. కమర్‌కు చెప్పాల.’

ఆ మూడు మాటల మీదా అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. కాగితం వెనక పక్క వేలితో తడిమినా తగులుతుంది, అంత గట్టిగా కొట్టాడు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఆ మాట పైకి చదివాను. నడమ, ఆయన దగ్గు అణిగేంత సేపు ఆగాను.

కమరున్నీసా,
వయసు యాభై ఒకటి,
గుడుపల్లె, రైల్వే స్టేషను వీధి.